పచ్చగడ్డి ప్రశ్నలు: బావ తెస్తానన్న కెంటకీ విత్తనం

ప్రశ్న: మాది ఒడిశాలో గుణుపురం దగ్గర, వంశధార పక్కన ఎకరంన్నర ఉంది, నాలుగు జెర్సీ క్రాసు ఆవులు. మా బావ అమెరికాలో కెంటకీలో ఉంటాడు. అక్కడ ఎటు చూసినా టాల్ ఫెస్క్యూ అనే గడ్డేనట, ఒకసారి చల్లితే ఏళ్ల తరబడి వస్తాదట, చలికాలంలో కూడా పచ్చగానే ఉంటాదట. ఈసారి వచ్చినప్పుడు బ్యాగులో కేజీ విత్తనం పెట్టుకొస్తానంటున్నాడు. మన దగ్గర పెరుగుతాదా? అంత మంచిదైతే మనోళ్లు ఎందుకు వెయ్యట్లేదు?

జవాబు: ముందు బావగారికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. పర్మిట్టు, అక్కడి వాళ్లిచ్చే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు లేకుండా విత్తనం తేకూడదు, దీనికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది. తెచ్చినా మీకు దక్కేదేం లేదు. గోధుమ లాగే అది చలిని కోరే గడ్డి, 20-25 డిగ్రీల దగ్గర ఏపుగా పెరిగి 30 దాటాక డీలా పడిపోతుంది, మీ గుణుపురం ఏప్రిల్ ఎండ గురించి మీకు నేను చెప్పాలా.

కానీ బావగారికి చెప్పడానికి మంచి కథ ఒకటుంది. అక్కడ ఎక్కువగా ఉండేది కెంటకీ 31 అనే రకం. 1931లో ఫెర్గస్ అనే ప్రొఫెసర్ మెనిఫీ కౌంటీలో ఒక కొండవాలు పొలంలో ఆ గడ్డి చూసి విత్తనం పట్టుకెళ్లాడు, 1943లో రకంగా విడుదల చేశారు. కరువుకి ఆగింది, తొక్కుడుకి ఆగింది, ఇంకేం కావాలి, లక్షల ఎకరాలకి పాకింది. ఆ తర్వాత మొదలయ్యాయి తంటాలు. పచ్చగడ్డి కడుపునిండా ఉన్నా ఆవులు బరువెక్కవు, పాలు తగ్గిపోతాయి, ఎండాకాలం వచ్చినా ఒంటిమీద గరుకు బొచ్చు రాలదు, మేత మానేసి చెరువులో దిగి నిలబడతాయి. చలికాలంలోనైతే వెనక గిట్టల దగ్గర, తోక కొస దగ్గర రక్తం ఆడక కుళ్లు పడుతుంది.

కారణం 1970ల్లో తేలింది. ఆకు మీద మచ్చ కూడా కనపడకుండా గడ్డి లోపల ఒక బూజు కాపురం ఉంటోంది, అది తయారుచేసే ఎర్గోవాలిన్ అనే విషం పశువు రక్తనాళాల్ని బిగించేస్తోంది. సరే, విత్తనాన్ని వేడిగా ఉండే చోట ఏడాది నిలవుంచితే బూజు చచ్చిపోయి మొలక మాత్రం వస్తుంది కదా అని బూజు లేని గడ్డి వేశారు, అది కరువుకీ తొక్కుడుకీ తట్టుకోలేక చాలాచోట్ల పోయింది. గడ్డి మొండితనంలో సగం ఆ బూజుదే! అందుకని విషం చెయ్యని బూజుని వెతికి, న్యూజిలాండ్ వాళ్లది ఒకటి తెచ్చి, అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో పెంచిన జెసప్ అనే ఫెస్క్యూ రకంలో ఎక్కించారు, 2000 ప్రాంతంలో మ్యాక్స్‌క్యూ పేరుతో మార్కెట్‌కొచ్చింది. ఈ బూజు తల్లి మొక్క విత్తనం ద్వారానే పిల్లకి వెళ్తుంది, పుప్పొడితో రాదు, కాబట్టి అక్కడ బ్రీడింగ్ చేసేవాళ్లు ఎప్పుడూ ఒకటి కాదు, రెండు ప్రాణుల్ని చూసుకోవాలి.

ఇంకో చిక్కు. ఫెస్క్యూ తన పుప్పొడితో తాను గింజ కట్టడం చాలా తక్కువ. ఆరు సెట్ల క్రోమోజోములు, మొత్తం 42, పైగా పరాయి పుప్పొడే కావాలి, ఇక ఒకే దుబ్బు గింజలు నాలుగు వేస్తే నాలుగూ నాలుగు రకాలు. అందుకే మంచి దుబ్బుల్ని కొన్ని ఏరి, వేరే ఫెస్క్యూ గాలి సోకని చోట పక్కపక్కన నాటి వాటిలో వాటిని కలవనిస్తారు, ఆ గింజనే రకం అంటారు. మన వరి లాగ ఒకే అచ్చు అనుకోకండి.

ప్రశ్న: రాయగడ నుంచి. ఆన్‌లైన్‌లో సూపర్ నేపియర్ విత్తనం అని ప్యాకెట్టు కొన్నాను, మొలిచిందంతా పిచ్చిగడ్డి. నారు పోయడం రాకపోయిందా?

జవాబు: మీ తప్పేం లేదండి, డబ్బులు పోయాయి అంతే. సూపర్ నేపియర్ కూడా హైబ్రిడ్ నేపియరే, అంటే సజ్జకీ (మీ వైపు గంటి అంటారు) ఏనుగు గడ్డికీ (అసలు నేపియర్ ఇదే) పుట్టింది. సజ్జకి 14 క్రోమోజోములు, ఏనుగు గడ్డికి 28, చెరో సగం కలిస్తే పిల్లకి 21. మూడు సెట్లు కావడంతో జతలు కుదరవు, వెన్ను తీస్తుంది కానీ గింజ పట్టదు. గింజే లేని గడ్డికి విత్తనం ప్యాకెట్టు ఎక్కడిది!

రెండు కణుపులున్న ముచ్చె (కాండం ముక్క) తెచ్చి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా కాస్త ఏటవాలుగా గుచ్చండి, కన్ను పైకి చూడాలి, తలకిందులైతే రాదు. సాలుకీ సాలుకీ రెండడుగులు. కోత మొదటిది రెండున్నర నెలలకి, తర్వాత నెలన్నరకోసారి. ముచ్చెలు పక్కూళ్లో ఆవులున్న వాళ్లనడిగితే ఊరికే ఇస్తారు.

విత్తనంతోనే కావాలంటే గినీ గడ్డి వేసుకోండి. దాని గింజ చాలావరకు మగ పుప్పొడి ప్రమేయం లేకుండా తల్లి అచ్చుతోనే వస్తుంది, ఫెస్క్యూకి పూర్తిగా ఎదురు. కొత్త గింజ మాత్రం వెంటనే చల్లొద్దు, కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది.