మీ అమ్మాయి అడుగుతున్నది బట్టీ ఉద్యోగం కాదు

గూడూరు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది. కుమార్తె ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. వచ్చిన ర్యాంకుకు ఎన్‌ఐటీ రూర్కెలాలో సిరామిక్ ఇంజినీరింగ్ సీటు దొరికేటట్టుంది. ఆప్టికల్ ఫైబర్‌కు, అంటే కాంతి రూపంలో సమాచారాన్ని మోసే గాజు తీగకు, కావలసిన అతి శుద్ధమైన గాజును తయారుచేసే రంగంలోకి వెళ్లాలని ఆ అమ్మాయి పట్టుదల. తండ్రి మాత్రం హైదరాబాదులోని ఒక ప్రైవేటు కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా కింద సీఎస్‌ఈ ఏఐ సీటు మాట్లాడి ఉంచారు. "బట్టీల దగ్గర ఆడపిల్లకు ఏం ఉద్యోగం? రెండు కోర్సులనూ పోల్చి, ఏది మంచిదో చెప్పండి" అని అడిగారు.

అయ్యా,

కోర్సు పేరు ఒక్కటి మారుతుంది గానీ, ఇటువంటి ఉత్తరం నాకు ఏటా వేసవిలో వస్తూనే ఉంటుంది. ఒక ఏడాది మెటలర్జీ గురించి, మరో ఏడాది మైనింగ్ గురించి, ఇంకో ఏడాది టెక్స్‌టైల్ గురించి. పోల్చి చెప్పమన్నారు కనుక తప్పక చెబుతాను. ర్యాంకులు, కౌన్సెలింగ్ రౌండ్లు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. అయితే మీ ఉత్తరంలో జీతం ప్రస్తావన ఒకే చోట ఉంది. 'బట్టీ' అన్న మాట నాలుగు చోట్ల ఉంది. 'బంధువులకు ఏమని చెప్పుకోవాలి' అన్నది రెండు చోట్ల ఉంది. కాబట్టి మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా చేస్తున్నది కోర్సుల పోలిక కాదని, కూతురు ఎక్కడో పొగలో, సెగలో నిలబడి కష్టపడుతుందేమోనన్న దిగులని నాకు అర్థమైంది. ముందు ఆ దిగులుకే జవాబు చెబుతాను.

మీది గూడూరు. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక లారీల మీద గాజు ఫ్యాక్టరీలకు వెళ్లడం మీరు చూసే ఉంటారు. ఇంట్లో కిటికీకి వేసిన గాజు పలకను ఎదురుగా చూస్తే రంగు లేనట్టే ఉంటుంది గానీ, కోసిన అంచు వైపు నుంచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇసుకతో పాటు వచ్చిన కొద్దిపాటి ఇనుము వల్ల ఆ రంగు వస్తుంది. నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న కిటికీకి అది అడ్డు కాదు. కాంతి కిలోమీటర్ల దూరం ప్రయాణించవలసి వస్తే మాత్రం ఆ ఇనుమే దాన్ని మింగేస్తుంది. ఇంగ్లండులోని హార్లోలో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ 1966లో చెప్పింది ఇదే: కాంతిని ఆపుతున్నది గాజు స్వభావం కాదు, అందులోని మలినాలు, వాటిని తొలగించి నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్‌లకు తగ్గించగలిగితే గాజు తీగ మీదుగా టెలిఫోన్ మాటలు పంపవచ్చు. డెసిబెల్ అన్నది ఇక్కడ కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత; 20 డెసిబెల్‌లు అంటే బయలుదేరిన కాంతిలో నూటికి ఒక వంతు మిగలడం. ఆ రోజుల్లో దొరికే మంచి గాజులో కూడా నష్టం కిలోమీటరుకు సుమారు వెయ్యి డెసిబెల్‌లు ఉండేది. ఈ కృషికే కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది.

1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాబర్ట్ మారర్, డోనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ ఆ హద్దును దాటారు. వాళ్లు ఇసుకను కరిగించి శుద్ధి చేయలేదు. అదే సంస్థలో ఫ్రాంక్లిన్ హైడ్ అనే రసాయన శాస్త్రవేత్త 1930లలో కనిపెట్టిన దారిని పట్టుకున్నారు. ఆ దారిలో గాజు పుట్టేది ఆవిరి నుంచి. సిలికాన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవం 58 డిగ్రీలకే మరుగుతుంది. ఐరన్ క్లోరైడ్ ఆవిరి కావాలంటే 300 డిగ్రీలు దాటాలి. కాబట్టి ఆ ద్రవంలోకి ఆక్సిజన్ బుడగలు పంపితే అవి సిలికాన్ ఆవిరిని వెంట తీసుకుపోతాయి, ఇనుము పాత్ర అడుగునే ఉండిపోతుంది. వడకట్టే పనిని మరుగుస్థానమే చేసి పెడుతుంది. మలినం వంద కోట్లలో కొన్ని పాళ్లకు దిగజారేది ఇలాగే. మీ అమ్మాయి మనసు పట్టుకున్నది ఈ విద్యను.

కొన్నేళ్ల క్రితం ఇటువంటి ఒక కర్మాగారాన్ని చూసే అవకాశం నాకు దొరికింది. లేత్ యంత్రం మీద గుండ్రంగా తిరుగుతున్న స్వచ్ఛమైన సిలికా గొట్టం, దాని కింద ఒక కొస నుంచి మరో కొసకు నెమ్మదిగా నడిచే హైడ్రోజన్ మంట, గొట్టం లోపలి నుంచి ప్రవహించే ఆవిరి. మంటకు కొంచెం ముందుగా గొట్టం లోపలి గోడ మీద తెల్లని పొడి మంచులా పట్టుకుంటుంది. దాన్ని అక్కడివాళ్లు సూట్ అంటారు. మంట దాని కిందికి రాగానే ఆ తెలుపు మాయమై గాజు పొర ఏర్పడుతుంది. మంట మళ్లీ మొదటికి వెళ్తుంది, మరో పొర మొదలవుతుంది. లోపలి పొరల్లో కాంతిని పట్టి ఉంచడానికి జర్మేనియం కలుపుతారు. అన్ని పొరలూ పూర్తయ్యాక వేడి ఇంకా పెంచితే గొట్టం తనంతట తానే ముడుచుకుని బోలు లేని కడ్డీ అవుతుంది. దాన్నే ప్రీఫామ్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో జాన్ మెక్‌చెస్నీ బృందం 1974లో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. కార్నింగ్ వారు సూట్‌ను కడ్డీ బయట పేర్చి, తర్వాత కడ్డీని లాగేస్తారు. జపాన్ వారు నిలువు కడ్డీ కింది కొనకు సూట్ పట్టిస్తూ, దాన్ని పైకి లాగుతూ పోతారు. ఆ రెండు పద్ధతుల్లోనూ ఆ పొడి దిమ్మెను క్లోరిన్, హీలియం వాయువుల్లో వేడిచేసి, అందులో దాగిన నీటి అంశను తరిమేశాకే గాజుగా మారుస్తారు.

తీగ తీసే చోటు కొన్ని అంతస్తుల ఎత్తున్న గోపురం. పైన ప్రీఫామ్ కొనను 2000 డిగ్రీలు దాటిన కొలిమిలోకి దించుతారు. కాసేపటికి కొన మెత్తబడి, ఒక గాజు బొట్టు తన బరువుకు తానే జారి, వెనుక సన్నని దారాన్ని లాక్కుంటూ కిందికి దిగుతుంది. ఆ బొట్టును తుంచేసి దారాన్ని రక్షణ పూత పూసే గిన్నెల గుండా చక్రానికి అందిస్తారు. ఆ తర్వాత దారం కంటికి కనిపించనంత వేగంగా దిగుతూనే ఉంటుంది. దాని మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు); తేడా వస్తే ఒక మైక్రాన్‌కు మించకూడదు. 10 సెంటీమీటర్ల మందం, ఒక మీటరు పొడవు ఉన్న కడ్డీ నుంచి 640 కిలోమీటర్ల తీగ వస్తుంది. అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి చెన్నైకి ఉన్నంత దూరం. ఇప్పటి తీగలో నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్. కావో ఒక కిలోమీటరు తర్వాత మిగలాలని కోరుకున్న నూటికి ఒక వంతు కాంతి నేడు వంద కిలోమీటర్ల తర్వాత కూడా మిగులుతోంది.

ఇక్కడ పొగ లేదు, బూడిద లేదు. ఒక దుమ్ము రేణువు గాజు మీద వాలితే తీగ అక్కడే తెగవచ్చు కాబట్టి, ఆ గదుల్లోకి తల నుంచి కాలి దాకా కప్పుకునే వెళ్లాలి. అయినా కష్టం లేని పని అని నేను చెప్పను. క్లోరిన్, హైడ్రోజన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరులు అన్నీ జాగ్రత్తగా మసలుకోవలసినవే. కొలిమి రాత్రింబవళ్లు నడిచేది కాబట్టి తొలి సంవత్సరాల్లో షిఫ్టులు తప్పవు. ఈ సంగతులు అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. కానీ చూడని చోటికి బట్టీ అని పేరు పెట్టి ఆమెను భయపెట్టకండి. రాత్రి షిఫ్టు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది, దాన్ని మాత్రం మనం గౌరవంగా చెప్పుకుంటున్నాం.

ఇక మీరు మాట్లాడి ఉంచిన సీటు. సీఎస్‌ఈ మంచి చదువు, అందులో సందేహం లేదు. నా సందేహమంతా ఆ పేరు పక్కన కొత్తగా చేరుతున్న తోకల మీద. ఒకే కళాశాలలో అదే భవనంలో, చాలాచోట్ల అదే అధ్యాపకులతో, ఏఐ అని ఒకటి, డేటా సైన్స్ అని ఒకటి, సైబర్ సెక్యూరిటీ అని ఒకటి సెక్షన్లు పెరుగుతున్నాయి. ఏఐకి ఆధారమైన యంత్రాభ్యాసానికి (మెషీన్ లెర్నింగ్) పునాది గణితం, సంభావ్యత. వాటిని లోతుగా చెప్పగలిగిన వాళ్లు ఆ కళాశాలలో ఎందరున్నారని మీరు అడిగారా? ల్యాబ్ చూశారా? మూడో సంవత్సరం విద్యార్థి ఒక్కరితోనైనా మాట్లాడారా? మీ ఉత్తరంలో ఆ వివరం ఒక్కటీ లేదు. బ్రోచరులోని ప్యాకేజీ అంకె మాత్రం ఉంది. ఆ అంకె ఎందరిలో ఒకరికి వచ్చిందో అందులో రాయరు. పైగా మామూలు కోడ్ రాసే పనిని యంత్రాలే చేస్తున్న కాలంలో, కోడ్ మాత్రమే వచ్చిన పిల్లలకు మొదటి ఉద్యోగం దొరకడం కష్టమవుతోంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లోనే దాన్ని చూస్తున్నాను. ఇష్టంతో చేరినవాళ్లు తట్టుకుంటారు. ఇంట్లోవాళ్ల కోసం చేరినవాళ్లు రెండో సంవత్సరంలోనే చల్లబడిపోతారు.

ఇంకొక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. పొలం తాకట్టు పెట్టి ఆ సీటు కొంటానని రాశారు. సొంత ర్యాంకుతో జాతీయ సంస్థలో సీటు తెచ్చుకోబోతున్న పిల్లకు, ఆ కష్టం లెక్కలోది కాదని చెప్పడానికా పొలం తాకట్టు? ఇరవై ఏళ్ల క్రితం మీ తమ్ముడి కొడుకు ఏం చదివాడో, ఇప్పుడు ఎక్కడున్నాడో రాశారు. మీ అమ్మాయి ఈ గాజు సంగతి ఎక్కడ చదివిందో, ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయలేదు. మీరు అడగలేదని నాకు అనిపిస్తోంది. బంధువులు ఒక పెళ్లిలో అడిగి మరో పెళ్లి నాటికి మరిచిపోతారు. ఆ చదువు చదవవలసింది, ఆ ఉద్యోగం చేయవలసింది ఆమె.

ఫైబర్ దారి మీద కూడా నాకు సందేహాలున్నాయి, వాటిని దాచను. మన దేశంలో ప్రీఫామ్ దశ నుంచి గాజు తయారుచేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఛత్రపతి శంభాజీనగర్‌లో, అంటే పాత ఔరంగాబాద్‌లో, స్టెరిలైట్ టెక్నాలజీస్ ఆ పని చేస్తోంది. హైదరాబాదులో హెచ్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారంలో తీగ తీస్తున్నారు. పరిశోధన వైపు కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ఉంది. ఈ వ్యాపారానికి ఆటుపోట్లు ఎక్కువ. 2019లో చైనాలో సరుకు మిగిలిపోయి ప్రపంచమంతటా ఫైబర్ ధర పడిపోయింది. 2023లో మన ప్రభుత్వం చైనా, ఇండోనేషియా, దక్షిణ కొరియాల నుంచి వచ్చే ఫైబర్‌పై, అతి చౌక సరుకు వచ్చిపడకుండా అడ్డుకునే యాంటీ డంపింగ్ సుంకం వేయవలసి వచ్చింది. మరోవైపు గిరాకీ తగ్గే సూచనా లేదు. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి ప్రకటించిన గూగుల్ ఏఐ కేంద్రం వంటివి వేలాది కంప్యూటర్లను కలిపేది ఈ గాజు తీగలతోనే. అయినా బీటెక్ పట్టా ఒక్కదానితో నేరుగా ప్రీఫామ్ విభాగంలో అడుగుపెట్టడం అందరికీ సాధ్యం కాదు. ఎంటెక్ గానీ, పరిశోధన గానీ చేయడానికి, రాష్ట్రం దాటి వెళ్లడానికి ఆమె సిద్ధపడాలి.

అయితే ఫైబర్ కుదరకపోతే దిక్కులేకుండా పోతుందన్న భయం మీకు వద్దు. సిరామిక్ అంటే కుండలు, టైల్స్ మాత్రమే కాదు. ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని మోసే ప్రతి పాత్రకూ లోపలి పొర విపరీతమైన వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ సిరామిక్‌దే. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే యురేనియం ఆక్సైడ్ గుళికలు సిరామిక్‌లే. అదే ఊళ్లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో ఈ పదార్థాల మీద పరిశోధన జరుగుతోంది. మీకు దగ్గరలోనే, శ్రీపెరంబుదూరులో సెయింట్ గోబెయిన్ వారి గాజు కర్మాగారం ఉంది. మీ గూడూరులోనే సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. ఒక ఉదయం అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడి అధ్యాపకులతో అరగంట మాట్లాడండి.

పోలిక అడిగారు కదా. రూర్కెలాలో ఖర్చు తక్కువ, సంస్థకు పేరుంది, కోడింగ్ నేర్చుకోవాలంటే అడ్డుపడేవారు లేరు, మొదటి ఉద్యోగం వెతుక్కోవడం కొంచెం కష్టం. హైదరాబాదు సీటుకు ఖర్చు ఎక్కువ, ఇంటికి దగ్గర, పోటీ విపరీతం. మీ స్థానంలో నేనుంటే రూర్కెలాకే పంపిస్తాను. కెమికల్ ఇంజినీరింగ్ కూడా అందే ర్యాంకయితే దాన్నీ పక్కన పెట్టి చూడమంటాను. ఆవిరి ప్రవాహం, వేడి, రేణువుల కదలిక, వాయువుల శుద్ధి అన్నీ ఆ చదువులోనివే గనుక ప్రీఫామ్ విభాగానికి అదీ మంచి ద్వారమే.

ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి. ఆమెను లాగుతున్నది ఆవిరి నుంచి గాజు పుట్టించే రసాయనమా, తీగ తీసే యంత్రమా, లేక తీగలో నడిచే కాంతా అన్నది ఆమె మాటల్లో నాకు కావాలి. మొదటిదైతే కెమికల్, సిరామిక్‌లలో ఏదైనా సరిపోతుంది. రెండోదైతే మెకానికల్ కూడా చూడాలి. మూడోదైతే భౌతికశాస్త్రం వైపు, కాంతిని పనిలో పెట్టే ఫోటోనిక్స్ వైపు మళ్లవలసి ఉంటుంది, అప్పుడు నా సలహా కూడా మారుతుంది. సీటు ఖరారు చేసే గడువులోగా ఆ ఉత్తరం నాకు చేరేలా చూడండి. అప్పటి దాకా కళాశాలకు అడ్వాన్సు కట్టకండి.