మామగారి అసలు ఇంటిపేరు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా వారు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనీయులు. మామగారు 1938లో పన్నెండేళ్లప్పుడు దక్షిణ చైనాలోని తోయ్‌సాన్ జిల్లా నుంచి ఓడలో వచ్చారట. కాగితాల్లో ఇంటిపేరు లీ. అది కొనుక్కున్న పేరని అత్తగారు పోయేముందు చెప్పారు. మామగారి సమాధి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే, శ్మశానాల ఊరు కోల్మాలో ఉంది. మా వారికి చైనీస్ చదవడం రాదు. ఊరినీ బంధువులనూ ఎలా పట్టుకోవాలి? - ఓ పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ముందు ఆ సమాధి దగ్గరికే వెళ్లండి. కాగితాల్లో ఏ పేరుతో బతికినా, రాతి మీద చైనీస్ లిపిలో అసలు పేరు చెక్కించుకున్నవాళ్లు చాలామంది. మామూలుగా నడిమి నిలువు వరసలో పేరు ఉంటుంది, మొదటి అక్షరమే ఇంటిపేరు. పక్క వరసలో రాష్ట్రం, జిల్లా, ఊరు. ఎండ ఏటవాలుగా పడే పొద్దుట ఫొటో తీయండి. అక్షరాల్లో సుద్ద రుద్దొద్దు, రాయి పాడవుతుంది.

తోయ్‌సాన్‌కి 1914 దాకా సన్నింగ్ అని పేరు, పాత ఉత్తరాల మీద అదే కనిపించొచ్చు. ఒకే పేరున్న పల్లెలు బోలెడు కాబట్టి దగ్గరి సంత ఊరి పేరు కూడా కావాలి. చైనా నుంచి వచ్చిన పాత కవర్లు ఇంట్లో ఉంటే పారేయకండి.

రెండో ఆధారం శాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్, అంటే అమెరికా ప్రభుత్వపు పాత రికార్డుల భాండాగారం. వలస వచ్చినవాళ్ల ఫైళ్లు అక్కడుంటాయి. అక్కడ లీ పేరుతోనే అడగాలి. పుట్టిన ఏడు, ఓడ పేరు, దిగిన తేదీ ఇస్తే వెతకడం తేలిక. ఓడ దిగినవాళ్లను ఆపి విచారించే ఏంజెల్ ఐలండ్ కేంద్రంలో అధికారులు పిల్లల్ని సైతం కూర్చోబెట్టి ఊళ్లో ఎన్ని ఇళ్లు, మీది ఎన్నో వరస, బావి ఎటువైపు అని అడిగి రాసుకునేవారు. అయితే ఆ ఫైలును గుడ్డిగా నమ్మకండి. 1882 నాటి అమెరికా చట్టం చైనా కూలీలు రాకుండా ఆపేసింది, పౌరుల పిల్లలను మాత్రం రానిచ్చింది. 1906 భూకంపం తర్వాతి మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో ఇక్కడే పుట్టిన పౌరుణ్ణని, చైనాలో కొడుకులున్నారని చెప్పుకుంటే కాదనే కాగితం లేకపోయింది. ఇక లేని కొడుకుల పేర్లు అమ్మకానికొచ్చాయి. అంటే ఫైల్లోని అమ్మానాన్నలు బట్టీపట్టిన అమ్మానాన్నలే కావచ్చు. అమ్మినవాళ్లు ఒక్కోసారి బంధువులో పక్క ఊరివాళ్లో అయ్యుండేవారు కనక ఊరి వివరాలు పనికొస్తాయి. ఆడవాళ్ల పేరు చివర ‘షీ’ ఉంటే దాని ముందున్నది పుట్టింటి ఇంటిపేరు.

ఊరు తేలాక తోయ్‌సాన్‌లో ప్రవాస చైనీయుల వ్యవహారాల కార్యాలయాన్ని అడగండి. ఊళ్లో వంశగ్రంథం మిగిలి ఉంటే అదృష్టమే. ఒకే తరం అన్నదమ్ముల పేర్లలో సాధారణంగా ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుంది, దాన్నిబట్టి తరం పోల్చుకోవచ్చు. మగవాళ్లకు పెళ్లినాడు మరో పేరు పెట్టేవారు. గ్రంథంలో ఆ పేరే ఎక్కి ఉండొచ్చు, దొరకలేదని వెనక్కి వచ్చేయకండి.

సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ పండగ ఏప్రిల్ 4 లేదా 5న వస్తుంది. బయట ఉన్న బంధువులు ఊరు చేరేది అప్పుడే. పెద్దలకు డబ్బు ఎర్ర కవర్లో, కొత్త నోట్లు, చావును తలపించే నాలుగు అంకె రాకుండా ఇవ్వాలి. తెల్ల కవరు చావుకి. బంధువుల ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోగా పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి, హోటలైతే వాళ్లే చూసుకుంటారు. పల్లెలో ముసలివాళ్లు మాట్లాడేది తోయ్‌సాన్ యాసే, మాండరిన్ మాత్రమే వచ్చిన దుబాసీ అక్కడ సగం పనికే సరిపోతాడు.