ఆస్ట్రేలియా కొమ్మలు బ్యాగులో తెప్పించకండి

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ అండి. మా బావమరిది సిడ్నీలో ఉంటాడు. అక్కడి అడవిలో రోడోమిర్టస్ అనే జామ జాతి పొద పసుపు పళ్లు కాస్తుందట, సంక్రాంతికి కొమ్మలు తెస్తానంటున్నాడు. మన దగ్గర బతుకుతుందా? మా జామ ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కూడా వస్తున్నాయి, ఏం కొట్టాలి?

జవాబు: ముందు ఆయనకు ఫోన్ చేసి తేవద్దని చెప్పండి. బతకడం సంగతి తర్వాత. ఆ పొద రోడోమిర్టస్ సిడియోయిడెస్, తూర్పు ఆస్ట్రేలియా వానడవుల అంచుల్లోది. 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో మిర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు బయటపడ్డాక, అంతకుముందు మామూలుగా కనిపించే ఈ మొక్క అంతరించే స్థితికి వచ్చేసింది. ఆ శిలీంధ్రం లేత చిగురు మీద, పువ్వు మీద, పిందె మీద పడుతుంది. చిగురు మాడుతుంది, మళ్లీ వేస్తుంది, మళ్లీ మాడుతుంది, అలా సత్తువంతా పోయి మొక్క చస్తుంది, గింజ కట్టదు కాబట్టి కింద కొత్త మొలకలూ ఉండవు. ఈ తెగులును మొదట గుర్తించింది బ్రెజిల్‌లో, జామ మీదే, 1884లో. 2005లో హవాయిలో కనబడి అక్కడి గులాబీ జామ చెట్లను తోపులకు తోపులు ఎండబెట్టింది.

మన జామ, నేరేడు, నీలగిరి, లవంగం అన్నీ ఈ తెగులు పట్టే జామ కుటుంబంలోనివేనండి, మీరు గుండ్రంగా కత్తిరించి అమ్మే సిజీజియం కూడా. పైకి పచ్చగా ఉన్న కొమ్మలోనూ తెగులు దాగి ఉంటుంది. కడియంలో ఒక్క షేడ్ నెట్ కింద అది పడిందా, మన లారీలే దాన్ని దేశమంతా దించి వస్తాయి, నా టెన్షన్ అదే. పైగా 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కొమ్మ తేవడం కుదరదు. ఇదే ప్రజాతిలో ఇంకో పొద మన నీలగిరి కొండల్లోనే ఉంది, ఊదారంగు పళ్లది, కానీ అది ఆమ్ల నేలల మొక్క, నీరు నిలిచే మన నల్లమట్టికి నేను చెప్పను.

మీ జామ మచ్చలు చూసి అప్పుడే భయపడకండి, ఒకసారి వేలితో రుద్ది చూడండి. ముదురు ఆకు పైన గుండ్రంగా, మఖమల్‌లా ఉండి పొడి రాలకపోతే అది నాచు వల్ల వచ్చే ఎర్ర మచ్చ. గుబురు కొమ్మలు తీసి గాలి ఆడనిచ్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి 15 రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. అలా కాకుండా లేత చిగురు మీద నిండు పసుపు పొడి వేలికి అంటిందంటే అది మిర్టిల్ రస్ట్ కావచ్చు, ఆకు కోయొద్దు, మొక్క కదపొద్దు, ఫొటో తీసి అదే రోజు ఉద్యాన అధికారికి చూపించండి.