ఫీజు సర్క్యులర్ చూసి గాజులు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం జ్ఞానాపురం. పాపకు ఎనిమిదేళ్లు, జూన్‌లో మూడో తరగతికి వెళ్తుంది. బాబు యూకేజీ. ఇద్దరూ ఒకే క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో చదువుతున్నారు. మావారి జీతం చేతికి 42,000 వస్తుంది. ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఇచ్చిన సర్క్యులర్‌లో ఇద్దరి ఫీజు 66,000 (మూడు టర్ములు), పుస్తకాలు, యూనిఫాం 11,500, యాన్యువల్ డే, ప్రాజెక్టులకు 4,500 అని ఉంది. రోజూ ఒక రీడింగ్ పీరియడ్ కూడా పెడతారట. చేతిలో 15,000 ఉంది. ఒక యాప్ వాళ్లు ఏడాది ఫీజుకు వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, గాజులు తాకట్టు పెట్టాలా? పాపకు 1,000, బాబుకు 700 ఇచ్చి ట్యూషన్ చెప్పిస్తున్నాం. అవి అవసరమా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఏడాది మొత్తం మీ జీతానికి మోయలేని ఖర్చేం కాదు. ఇబ్బందల్లా జూన్‌లోనే.

ముందు ఈఎంఐ సంగతి. స్కూలే మీకు వడ్డీ లేకుండా మూడు వాయిదాలు ఇస్తోంది. యాప్ వాళ్లు ఏడాది ఫీజంతా జూన్‌లోనే స్కూలుకు కట్టేసి, మీ దగ్గర నెలనెలా వసూలు చేస్తారు. అంటే జనవరిలో కట్టాల్సిన డబ్బుకు మీరు జూన్ నుంచే అప్పు పడతారు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే 1,320, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి 1,558. ఒక్క నెల ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒకవైపు, యాప్ ఒకవైపు చెక్ బౌన్స్ లాంటి చార్జీలు వేస్తాయి, సిబిల్ స్కోరూ పడిపోతుంది. మధ్యలో ఊరు మారి టీసీ తీసుకున్నా అప్పు ఆగదు. రీఫండ్ కోసం స్కూలు చుట్టూ మీరే తిరగాలి. ఇక గాజులంటారా, ఫీజు ఏటా వచ్చేదే. ఈ జూన్‌లో పెట్టినవి విడిపించుకునేలోపే వచ్చే జూన్ వస్తుంది.

జూన్ లెక్క ఇది. మొదటి టర్ము 22,000, పుస్తకాలు, యూనిఫాం 11,500, కలిపి 33,500. రెండో జత యూనిఫాం ఆగస్టులో కొనండి. పాఠ్యపుస్తకాలు పై తరగతి పిల్లల దగ్గర అడిగి తీసుకోండి (వర్క్‌బుక్కులు మాత్రం కొత్తవే కావాలి, పాతవాటిలో జవాబులు రాసేసి ఉంటాయి). దాంతో 31,000కు దిగుతుంది. ఉన్న 15,000కు మే 1న, జూన్ 1న జీతం పడగానే 6,000 చొప్పున కలపండి. 27,000 అవుతుంది. తగ్గిన 4,000కు జూలై 10 వరకు గడువు ఇమ్మని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కు ఉత్తరం రాయండి. గడువు తేదీ దాటాక అడిగితే ఫైన్ మాఫీ చెయ్యమనే మాట అవుతుంది, కాబట్టి ముందే అడగాలి. అక్కాతమ్ముళ్లకో, విచారణలోని (మీ చర్చి పరిధిలోని) కుటుంబాలకో రాయితీ ఉందేమో కూడా అదే ఉత్తరంలో అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

జూలై నుంచి జీతం రోజునే 6,900 వేరే సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టించండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ రెండూ వద్దు. జూలైలో బాకీ 4,000, అక్టోబరులో రెండో టర్ము, జనవరిలో మూడో టర్ము అందులోంచే పోతాయి. జనవరికి 300 మిగులుతుంది. చాలా ఇళ్లలో ఈ పద్ధతి చెడేది డిసెంబరులోనే. క్రిస్మస్ బట్టలు, పిండివంటలు అయ్యేసరికి జనవరి టర్ముకు డబ్బుండదు. పండగ ఖర్చును ఈ ఖాతాలోకి రానివ్వకండి. పాప మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) ఈ ఏడాదా, వచ్చే ఏడాదా అన్నది ఇప్పుడే ఫాదర్‌గారిని అడిగి, ఆ ఖర్చు విడిగా రాసుకోండి.

చీటీలో ఈ డబ్బు వెయ్యొద్దు, కావలసిన నెలలో పాట దక్కకపోవచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మూడు నెలలకోసారి తీసే డబ్బుకు పనికిరాదు.

ట్యూషన్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. యూకేజీ పిల్లాడికి ట్యూషన్ వద్దు. ఆ 700 కూడా ఈ ఖాతాకే పంపండి. జూలై నుంచి జనవరి వరకు 4,900 అవుతుంది, యాన్యువల్ డే, ప్రాజెక్టుల ఖర్చు అందులోనే తీరిపోతుంది. పాప సంగతి మీరే ఇంట్లో పరీక్షించి తేల్చుకోవచ్చు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9,999 వరకు సంఖ్యలు చదివి రాయాలి. తను ఎప్పుడూ చూడని పాఠం ఇచ్చి, నిమిషం చదివించి, ఏం అర్థమైందో అడగండి. రీడింగ్ పీరియడ్ మొదలయ్యాక ఆగస్టులో మళ్లీ చూడండి. ముందుకు వెళ్తుంటే ట్యూషన్ ఆపేసి, రాత్రి పావుగంట మీ పక్కన కూర్చోబెట్టి చదివించండి. వెనకబడితే టీచర్‌తో మాట్లాడి, ఏ సబ్జెక్టులో తడబడుతుందో ఆ ఒక్కదానికే ట్యూషన్ పెట్టండి.

ఫిబ్రవరి నుంచి వచ్చే జూన్ 1 వరకు నెలకు 7,600 (6,900, ట్యూషన్ 700) చొప్పున వేస్తే, జనవరికి టర్ముల్లో మిగిలిన 300, ట్యూషన్ డబ్బులో మిగిలిన 400తో కలిపి 38,700 ఉంటుంది. ఫీజు, పుస్తకాలు పది శాతం పెరిగినా వచ్చే జూన్ ఖర్చు 36,850, ఇబ్బంది లేదు.

తల్లికి వందనం (బడి పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది) డబ్బు లెక్కలో వేసుకోకండి. నగరంలో నెల ఆదాయం 12,000 దాటిన కుటుంబాలకు రాదు. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లూ 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మైనారిటీ స్కూళ్లకు వర్తించవు. ఫీజు రసీదుతో పన్ను మినహాయింపు పాత విధానంలోనే ఉంది. మీవారి జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు.

పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పేరిట పొదుపు పథకం) ఖాతా తెరవండి, ఆ తర్వాత తెరవనివ్వరు. 250 రూపాయలతో మొదలుపెట్టవచ్చు, ఏడాదికి కనీసం అంత వేస్తే ఖాతా నిలుస్తుంది. పదో తరగతి పాసయ్యాక పై చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, ఫొటోలు పట్టుకుని దగ్గర్లోని పోస్టాఫీసుకు వెళ్లండి.