గోడ మీద ఈగ, గోడలో మైకు: ఒక తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. మిల్లు ఓనరు ఫోన్లో బేరం మాట్లాడుతూ తాళాలగుత్తిని బొడ్లో దోపడం, మళ్లీ తీయడం, మళ్లీ దోపడం భలే పట్టుకున్నావు. అక్కడ నాకు చెప్పడానికేం లేదు. ఇక చీవాట్లలోకి వస్తా.

మూడో పేజీలో, ఆ ఓనరు ఫోన్‌ని ఎస్ఐ ట్యాప్ చేసి వినే చోట, "ఎస్ఐ గోడ మీద ఈగలా అంతా వింటున్నాడు" అని రాశావు. ఇంగ్లిష్‌లో ఫ్లై ఆన్ ద వాల్ అంటారు, దాన్నే దించేశావు. మనకి గోడ మీద ఉండేది పిల్లి కదరా, పాఠకుడు నీ ఎస్ఐ ఎటు దూకుతాడో అని చూస్తాడు. అది కొట్టేస్తే పోయే తప్పే. కానీ ఇంగ్లిష్‌లో కూడా ఆ మాట నీ సీనుకి అతకదు. పై ఆఫీసర్లిద్దరు తలుపేసుకుని అరుచుకుంటుంటే "అబ్బ, ఇప్పుడా గదిలో ఈగనై ఉంటేనా!" అని బయటివాళ్లు ముచ్చటపడతారే, అలాంటిచోట వాడతారు దాన్ని. 1974లో బీబీసీ వాళ్లు రెడింగ్ అనే ఊళ్లో ఒక మామూలు కుటుంబం ఇంట్లో కెమెరాలతో మకాం వేసి వారం వారం చూపించారు, ఆ తరహా డాక్యుమెంటరీలకీ ఇదే పేరు. అక్కడ కెమెరా ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. దొంగచాటుగా పెట్టే మైకుని మాత్రం బగ్ అంటారు. ఈగ దానంతటది వచ్చి వాలుతుంది, విన్నదాంతో దానికి పని లేదు. బగ్‌ని మాత్రం ఎవడో పనిగట్టుకుని తెచ్చి పెట్టాలి, ఇంకెవడో చెవులప్పగించి కూర్చోవాలి. నీ కథలో ఆ ఇద్దరూ కనపడటం లేదు. ఎస్ఐకి అన్నీ వినపడిపోతున్నాయి, అంతే.

మాస్కో సంగతి ఒకటి చెప్తా. 1945లో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారి హ్యారిమన్‌కి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర బహుమతిగా ఇచ్చారు. ఆయన దాన్ని తన నివాసంలో గోడకి తగిలించుకున్నాడు. లోపల చిన్న లోహపు డబ్బా, దాని మీద పల్చటి పొర, ఒక యాంటెన్నా, అంతే, బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటినుంచి రేడియో తరంగం పంపినప్పుడే పనిచేస్తుంది, పంపకపోతే ఉత్త చెక్క, అందుకే తనిఖీలకి చిక్కలేదు. తయారుచేసింది లెవ్ తెరెమిన్, చేత్తో తాకకుండా వాయించే వాయిద్యం కనిపెట్టినాయనే. నలుగురు రాయబారులు మారారు, అది గోడమీదే ఉంది.

1952లో దొరికిన తీరు చూడు, నీకు కావలసింది అదే. అప్పటి రాయబారి జార్జ్ కెన్నన్‌ని నిపుణులు ఒక సాయం అడిగారు: సెక్రటరీని కూర్చోబెట్టుకుని ఏదో ముఖ్యమైన ఉత్తరం చెప్తున్నట్టు పైకి మాట్లాడుతూ ఉండండి, అవతలివాళ్లు యంత్రం ఆన్ చేస్తారు, మేం పట్టుకుంటాం అని. ఆయన ఎప్పుడో పంపేసిన పాత నివేదిక తీసి గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాడు. పక్కనే టెక్నీషియన్ గది వెతుకుతున్నాడు, ఇటు ఈయన గొంతు తడబడకూడదు, ఆపకూడదు. చివరికి సుత్తితో ఆ ముద్రనే పగలగొట్టారు.

ఈ సీన్లో టెన్షన్ అంతా మాట్లాడేవాడి దగ్గరుంది చూశావా? వింటున్నారని వాడికి తెలుసు, తెలుసని వినేవాళ్లకి తెలియదు. నీ ఓనరు ఆ తాళాలగుత్తి సర్దుకునేది ఊరికే అలవాటా, లేక ఎవరో వింటున్నారని అనుమానమొచ్చా? అనుమానమొచ్చినవాడు అయితే బేరం ఎత్తకుండా మేనకోడలి పెళ్లి గురించి మాట్లాడతాడు. రెండోదైతే నీ కథ సగం తిరగరాయాలి, నా ఓటు దానికే.

ఇంకోటి. మీ ఎస్ఐ సాయంత్రం అనుకుని రాత్రికల్లా ఫోన్ ట్యాప్ చేసేశాడు. మన దేశంలో ఇది అంత తేలిక కాదు. 1996లో సుప్రీంకోర్టు, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, ఇలాంటి ఉత్తర్వు హోం కార్యదర్శి స్థాయిలో రావాలనీ, రెండు నెలలకే చెల్లుతుందనీ, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదనీ తేల్చింది. ఆ తర్వాత రూల్స్ మారుతూ వచ్చాయి గానీ, ఎస్ఐ తనంతట తాను చేయడానికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాబట్టి నీవాడు దొంగపని చేస్తున్నాడు. చేయించింది ఎవరు? ఆ రికార్డింగ్ కోర్టులో పెట్టగలడా, లేక బెదిరించడానికేనా? భయం అతనికీ ఉండాలిగా. ఇవేవీ కథలో చెప్పనక్కర్లేదు, నీకు తెలిసుంటే చాలు, అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకునేముందు తలుపు గడియ వేశాడా లేదా అన్నది దానంతటదే తేలుతుంది.

విన్నది కూడా అంత శుభ్రంగా వినపడనీయకు. అవతల మిక్సీ నడుస్తుంది, మాట సగంలో కట్ అవుతుంది, "అది" అంటారు, "వాడు" అంటారు, ఏది, ఎవడు అని చెప్పరు. పేర్లూ తారీఖులూ విడమరిచి ఫోన్లో మాట్లాడుకునే దొంగల్ని నేనైతే చూడలేదు.

మార్చి పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, మార్జిన్లో రాయడానికి వీలుంటుంది. చివరి పేరా జోలికి మాత్రం వెళ్లకు, అది బాగానే కుదిరింది.

మీ అన్న