వనామీ లెక్కతో ఉప్పునీటి అక్వేరియం నింపితే...

ప్రశ్న: మాకు ఆరెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. పిల్లల ముచ్చట కోసం ఇంట్లో 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజు తొట్టె పెట్టి, పేరుపాలెం తీరం నుంచి సముద్రపు నీరు తెచ్చి నింపాం. మరుసటి రోజే 6 క్లౌన్ చేపలు, 8 డామ్సెల్ చేపలు, ఒక బ్లూ టాంగ్, ఒక లయన్ ఫిష్ వదిలాం. రోజుకు 2 గ్రాముల మేత వేస్తున్నాం. నాలుగైదు రోజుల తర్వాత చేపలు నీటి పైకి వచ్చి గుటకలు వేస్తూ చనిపోసాగాయి. ఇప్పటికి 7 పోయాయి. ఇది తెల్లమచ్చ అని, రాగి మందు, యాంటీబయాటిక్ వేయాలని చేపలు అమ్మినాయన చెప్పారు. చెరువు కిట్‌తో చూస్తే అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు), పీహెచ్ 8.2 వచ్చాయి. అమోనియాను పట్టుకుంటుందని చెరువుల్లో వేసే జియోలైట్ ఖనిజం వేశాం. చదరపు మీటరుకు 60 లెక్కన మా తొట్టెలో 24 పట్టాలి కదా, జబ్బు తగ్గాక మిగతావి కొనవచ్చా?
– ఒక ఆక్వా రైతు, భీమవరం ప్రాంతం

జవాబు: కొనవద్దు. ఉన్నవాటిలోనే సగానికి పైగా తిరిగి ఇచ్చేయాలి. మీ తొట్టెలో పట్టేవి నాలుగు చేపలు, అవి కూడా ఈరోజు కాదు.

ముందుగా తెల్లమచ్చ సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, చేపల ఒంటి మీద మచ్చ చూసినట్లు ఎక్కడా రాయలేదు. నీటి పైకి రావడం, గుటకలు వేయడం, చావడం మాత్రమే రాశారు. రొయ్యల రైతుకు తెల్లమచ్చ అనే మాట వింటేనే గుండె ఆగినంత పని అవుతుంది. మందు అమ్మేవారికీ ఆ సంగతి తెలుసు. రొయ్యలకు వచ్చేది వైరస్. సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చ ఒక పరాన్నజీవి వల్ల వచ్చేది, దానికీ దీనికీ సంబంధం లేదు. అది వస్తే ఒంటి మీద, రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్లు కనిపిస్తుంది. టార్చిలైటు పక్క నుంచి వేసి చూడండి. రవ్వ లేకపోతే తెల్లమచ్చ అనుకోవడానికి ఆధారం లేదు, ఉన్నది అమోనియా. మీ కిట్ ఆ మాట చెప్పనే చెప్పింది, మీరే పట్టించుకోలేదు.

మంచినీటి చెరువులో పీహెచ్ 7 ఉన్నప్పుడు 2 పీపీఎం అమోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. మీ తొట్టెలో పీహెచ్ 8.2, మన వేడి. అదే 2 పీపీఎంలో విషం వాటా దాదాపు పది రెట్లు, అంటే సుమారు 0.15 పీపీఎం. 0.02 దాటితేనే చేప మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. దీనికి తోడు 28 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు మంచినీటి కన్నా అయిదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టి ఉంచుతుంది. మొప్పలు కాలి, గాలి తగ్గితే చేప పైకి రాక ఏం చేస్తుంది?

ఈరోజే సగం నీరు తీసేయండి. మీ తొట్టె కొలత ప్రకారం 191 లీటర్లు అయినా, పైన వదిలిన ఖాళీ, ఇసుక, రాళ్లు పోతే అసలు నీరు 140 లీటర్లే. అందులో 70 లీటర్లు మార్చాలి. ఆర్‌ఓ నీటిలో లీటరుకు 36 నుంచి 38 గ్రాముల సింథటిక్ సముద్రపు ఉప్పు, మొత్తం రెండున్నర కిలోలకు పైగా పడుతుంది. వంట ఉప్పు పనికిరాదు. పూర్తిగా కరిగే వరకు ఏరేటర్ పెట్టి కలపండి. కొత్త నీటి సెలినిటీ (ఉప్పదనం) తొట్టె నీటికి ఒక పీపీటీకి (లీటరుకు గ్రాము) మించి తేడా లేకుండా, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి పోయండి. చేపలు కోలుకున్నాక వారాల మీద 33–35 పీపీటీకి తీసుకురావచ్చు. గోదావరి వరద దిగే రోజుల్లో మన తీరం నీటిలో ఉప్పు తగ్గిపోతుంది, అందుకే తెచ్చిన నీటిని కొలవకుండా పోయకూడదు. రేపు మరో 40 లీటర్లు మార్చండి. రెండు రోజులు మేత వేయవద్దు, ఆకలితో అవి చావవు.

జియోలైట్ విషయం చెప్పకుండా ఉండలేను. ఉప్పునీటిలో సోడియం నిండా ఉంటుంది. జియోలైట్ అమోనియాను పట్టుకోవలసిన చోట్లన్నీ సోడియమే ఆక్రమిస్తుంది. అంటే మీరు వేసింది గులకరాళ్లతో సమానం. దీన్ని ఉప్పునీటి చెరువులకు ఎకరానికి ఇన్ని బస్తాలని అమ్మేవారిని, కొనేవారిని చూస్తూనే ఉన్నాను. చెరువు అలవాటు కొద్దీ తొట్టెలో సున్నం మాత్రం వేయకండి. పీహెచ్ పెరిగితే ఉన్న అమోనియా ఇంకా విషమవుతుంది.

రాగి మందు తొట్టెలో వేయవద్దు. రాళ్లలో, ఇసుకలో ఇంకిపోతుంది, ఆ తర్వాత ఏ రొయ్యనూ నత్తనూ అక్కడ బతకనివ్వదు. యాంటీబయాటిక్ అయితే అమోనియాను తినే బాక్టీరియానే చంపవచ్చు. రవ్వ మచ్చలు నిజంగా కనిపిస్తే చేపలను రాళ్లు, ఇసుక లేని వేరే తొట్టెకు మార్చి, రాగి 0.15–0.20 పీపీఎం ఉండేలా రోజుకు రెండుసార్లు కొలుస్తూ మూడు వారాలు ఉంచాలి. కొలిచే కిట్ లేకపోతే ఆ పని మొదలు పెట్టవద్దు.

ఇక మీ లెక్క. వనామీకి చదరపు మీటరుకు 60 దాటకూడదన్నది కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన గరిష్ఠ పరిమితి. మీ తొట్టె అడుగు 0.4 చదరపు మీటరు, గుణిస్తే 24. గుణకారం సరిగానే చేశారు. కానీ చెరువులో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) ఉంది, బురద ఉంది, అమోనియాను తినేవి కోటానుకోట్లు ఉన్నాయి. నిన్న నింపిన గాజు పెట్టెలో అవేవీ లేవు. అక్కడ చేపలను లెక్కపెట్టకూడదు, మేతను లెక్కపెట్టాలి. 45 శాతం మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే సుమారు 40 మిల్లీగ్రాముల అమోనియా నత్రజని వస్తుంది. మీ 2 గ్రాములకు 80. దాన్ని 140 లీటర్లకు పంచితే రోజుకు అర పీపీఎం పైనే. నాలుగు రోజుల మేత, 2 పీపీఎం. మేత పుస్తకం రాసే రైతు మీరు, ఈ లెక్క మీకు కొత్త కాదు.

సముద్రపు చేపలకు అందరూ వాడే కొండగుర్తు ఒకటి ఉంది: పెరిగిన చేప పొడవు అంగుళానికి 20 లీటర్లు. దాని ప్రకారం మీ తొట్టెలో అన్ని చేపల పొడవు కలిపి 7 అంగుళాలు. నాకు ఈ కొండగుర్తు మీద పెద్ద నమ్మకం లేదు. పొడవు రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది, మేత కూడా దాని వెంటే పోతుంది. బ్లూ టాంగ్ అడుగు పొడవు పెరుగుతుంది, ఈత కొట్టడానికి ఆరడుగుల తొట్టె కావాలి. లయన్ ఫిష్ నోటిలో పట్టినదాన్నల్లా మింగుతుంది. పోయాయన్న ఏడింటిలో ఎన్నింటి శవాలు చూశారు? ఈ రెంటినీ, డామ్సెల్ చేపలనూ రేపే వెనక్కి ఇచ్చేయండి. డామ్సెల్ చేప రెండంగుళాలే, కానీ మూల ఆక్రమించిందంటే తొట్టె మొత్తం దానిదే.

క్లౌన్ చేపలు జంటగానే బాగుంటాయి. అన్నీ మగవిగానే మొదలవుతాయి, పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది మగ జోడీ అవుతుంది. మిగిలినవి దెబ్బలు తింటూ మూలన బతకాలి. కాబట్టి రెండు ఉంచి తక్కినవి ఇచ్చేయండి. ఆ రెంటినీ కూడా తొట్టె సిద్ధమయ్యే దాకా దుకాణంలోనో తెలిసినవారి పాత తొట్టెలోనో ఉంచగలిగితే మేలు. తర్వాత ఎప్పుడు కొన్నా హేచరీలో పుట్టినవే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటి పిల్లల ఉత్పత్తి పద్ధతిని ఎప్పుడో రూపొందించింది.

అమోనియాను తినే బాక్టీరియా పెరగడానికి, చేపలు లేని తొట్టె నీటిలో అమ్మోనియం క్లోరైడ్ ఒక గ్రాము కలపండి, 2 పీపీఎం దగ్గరికి వస్తుంది. ఫిల్టరు, ఏరేటర్ రాత్రింబవళ్లు నడవాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో, మళ్లీ అంతే వేసిన అమోనియా 24 గంటల్లో సున్నాకు దిగి, నైట్రైట్ (అమోనియా నుంచి బాక్టీరియా తయారు చేసే మరో విషం) కూడా సున్నా చూపిన రోజున క్లౌన్ జంటను వదలండి. రెండు వారాలు ఆగి, పరీక్షలో రెండూ సున్నా ఉంటే ఒక గోబీ, మరో రెండు వారాలకు ఒక ఫైర్‌ఫిష్. అక్కడితో ఆపండి. నాలుగింటికి కలిపి రోజుకు అర గ్రాము మేత చాలు. ప్రతి ఆదివారం 15 లీటర్లు మార్చండి.

అందం కోసం పగడపు రాయి, నీటిగుర్రం తెచ్చిపెడతామని ఎవరైనా అంటే వద్దనండి. రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, కేసు మీ మీద పడుతుంది.

కరెంటు పోతే చెరువు ఏరేటర్లకు జనరేటరు ఉంచారు కదా, ఇంటి తొట్టెకు కనీసం బ్యాటరీ గాలి పంపు కొనండి. ఆవిరైపోయిన నీటికి బదులు ఆర్‌ఓ నీరే పోయాలి, ఉప్పునీరు కాదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. గాజు మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అతికించి, రోజూ పొద్దున్నే ఆ గీత వరకు నింపే పని పిల్లలకు అప్పగించండి.