టర్బో కారులో ఏ ఆయిల్? 17,500 బిల్లుకు ఒప్పుకునే ముందు...

ప్రశ్న: మాది విజయవాడ. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి. ఈమధ్యే 2016 మోడల్ ఆడి టీటీ (2.0 టీఎఫ్ఎస్ఐ, అంటే 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏడాదికి 7,000 కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో ఎక్కువభాగం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే. గ్యారేజీవాళ్లు రేసింగ్ 10డబ్ల్యూ-60 సింథటిక్ ఆయిల్, ఇంజన్ ఫ్లష్ (లోపల కడిగే ద్రవం), అడిటివ్ (ఆయిల్‌లో కలిపే మందు) అన్నీ కలిపి ఒక్కోసారికి 17,500 రూపాయలు, అలా ఏడాదికి రెండుసార్లు అంటున్నారు. నా మిత్రుడేమో లీటరు 350 రూపాయల మామూలు ఆయిల్ చాలంటున్నాడు. మిగిలిన డబ్బు సిప్‌లో పెట్టాలని ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. ముందు కారు మాన్యువల్ తెరిచి ఆయిల్ పేజీ చూడండి. మీ కారులో ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఈఏ888 ఇంజన్. దానికి కంపెనీ అడిగేది ఫలానా బ్రాండని కాదు, ఒక అప్రూవల్ కోడ్. సాధారణంగా అది వీడబ్ల్యూ 502 00. ఆ కోడ్ ఉన్న 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్ వేయించి, ఏడాదికోసారి మార్పిస్తే సరిపోతుంది. 2.0 లీటర్ల ఈ ఇంజన్‌లో ఫిల్టర్‌తో కలిపి సుమారు 5.7 లీటర్లు పడుతుంది కాబట్టి ఆరు లీటర్లు కొనండి. లీటరు 900 అనుకుంటే ఆయిల్‌కు 5,400, ఫిల్టరూ డ్రైన్ ప్లగ్ (పాత ఆయిల్ దించే బిరడా) వాషరూ కలిపి 1,200, లేబర్ 2,000. మొత్తం 8,600. మీ దగ్గర ధరలు కొంచెం అటూ ఇటూ కావచ్చు, అవి వేసుకుని ఇలాగే కూడండి.

డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే ‘రేసింగ్’, ‘ఈస్టర్’, ‘టైటానియం’ లాంటి మాటలకు అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు. వెనకవైపు చిన్నక్షరాల్లో చూడండి. అక్కడ వీడబ్ల్యూ 502 00 ‘అప్రూవల్’ అని ఉందా, లేక ‘సిఫార్సు చేస్తున్నాం’, ‘అవసరాలకు సరిపోతుంది’ అని ఉందా అన్నదే అసలు విషయం. మొదటిదైతే ఆ ఆయిల్‌ను కార్ల కంపెనీ పరీక్షల్లో పెట్టి ఒప్పుకున్నట్టు. రెండోదైతే ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకుంటున్నట్టు. షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40, మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40 లాంటివి ఈ అప్రూవల్‌తోనే వస్తాయి. అయినా కొనే డబ్బా మీద మీ కళ్లతో చదివాకే డబ్బు కట్టండి. ఒకే బ్రాండులో పేర్లు దగ్గరదగ్గరగా ఉండి అప్రూవల్స్ వేరుగా ఉండే డబ్బాలు చాలానే ఉన్నాయి.

ఇక 10డబ్ల్యూ-60. వెనకున్న అంకె పెరిగేకొద్దీ వేడిలో ఆయిల్ చిక్కగా ఉంటుంది. అది చెడ్డ ఆయిల్ కాదు, మీ ఇంజన్‌ది కాదు, అంతే. బీఎండబ్ల్యూ ఎం కార్ల పాత ఇంజన్లు కొన్నింటికి కంపెనీయే ఆ గ్రేడ్ చెప్పింది. మీ ఇంజన్‌లో క్యామ్ టైమింగ్‌ను (వాల్వులు తెరుచుకునే సమయాన్ని) మార్చేది ఆయిల్ ఒత్తిడే, దాని దారులన్నీ సన్నవి. చిక్కటి ఆయిల్ పొద్దున్నే ఆ దారుల్లోకి, టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) బేరింగ్‌లోకి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగిస్తుంది. అటు 0డబ్ల్యూ-20 కూడా వద్దు. వీడబ్ల్యూ 508 00 అనే ఆ పల్చటి ఆయిల్ దానికోసమే తయారైన కొత్త ఇంజన్లకు మాత్రమే, పాతవాటికి పనికిరాదు. 0డబ్ల్యూ-40కి ఎక్కువ అడిగినా ఇవ్వనవసరం లేదు. ‘డబ్ల్యూ’ ముందు అంకె చెప్పేది చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందనేది. బెంగళూరు జనవరి తెల్లవారుజాముల్లో కూడా 5డబ్ల్యూకి ఇబ్బందిపడేంత చలి ఉండదు.

ఆయిల్‌ను నిజంగా పాడుచేసేది మీ ట్రాఫిక్కే. ఇక్కడ కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టాలి. సగటున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 7,000 కిలోమీటర్లకు ఇంజన్ 467 గంటలు తిరుగుతుంది. అదే హైవే మీద 60తో వెళ్తే 117 గంటలే. ఓడోమీటర్ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. పైగా పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇలాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో కొంచెం పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కి, కాసేపు అలాగే నడిస్తే అది ఆవిరైపోతుంది. ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు పాకి, అక్కడ ఆపేస్తే అందులోనే ఉండి ఆయిల్‌ను పల్చబరుస్తుంది. అందుకే కంపెనీ చెప్పిన 15,000 కిలోమీటర్ల దాకా లాగొద్దు. 7,500 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ వాడకానికి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. రెండోసారి మార్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మిత్రుడి లెక్కలో మిగిలేదెంత? ఆరు లీటర్లు 2,100, ఫిల్టరు, లేబర్ మామూలే, మొత్తం 5,300. అంటే 8,600తో పోలిస్తే మిగిలేది ఏడాదికి 3,300, నెలకు 275 రూపాయలు. దానికోసం టర్బోను పణంగా పెట్టమనడం నాకు అస్సలు నచ్చలేదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొరే. మామూలు మినరల్ ఆయిల్ ఆ వేడికి మాడి నల్లటి పొరగా గట్టిపడుతుంది, ఆయిల్ వెళ్లే దారి మూసుకుపోతుంది, బేరింగ్ అరిగిపోతుంది. ఆడి టర్బో మార్చాలంటే లక్ష దాటుతుంది. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే. 8,600ను 7,000తో భాగిస్తే కిలోమీటరుకు 1.23 రూపాయలు. లీటరు పెట్రోలు 103, మైలేజీ 10 అనుకుంటే పెట్రోలుకే కిలోమీటరుకు 10 రూపాయల పైన పోతోంది. ఆదా చేయాల్సిన చోటు ఆయిల్ కాదు.

ఆదా చేయాల్సింది ఫ్లష్‌లో, అడిటివ్‌లో. మంచి ఆయిల్‌లో అవసరమైన డిటర్జెంట్లు ముందే కలిపి ఉంటాయి. మీద ఇంకో సీసా పోస్తే ఆ పాళ్లు చెడతాయి. ఫ్లష్ పూర్తిగా బయటికి రాదు, మిగిలింది కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఇన్‌టేక్ వాల్వుల (గాలి లోపలికి వెళ్లే ద్వారాల) మీద కార్బన్ పేరుకుంటుందన్న మాట నిజమే కానీ, అది ఆయిల్‌లో పోసిన మందుతో పోదు.

కొనేటప్పుడు ఇంకో ప్రమాదం నకిలీ సరుకు. విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా అధీకృత డీలర్ అవునో కాదో చూసి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫోటో తీసిపెట్టుకోండి. ఎమ్మార్పీలో సగానికి ఇస్తున్నారంటే వదిలేయండి. ఖాళీ డబ్బాలను గ్యారేజీలో వదలకుండా కోసి పడేయండి. వాటిలోనే మళ్లీ నింపి అమ్ముతారు.

పని జరిగేటప్పుడు దగ్గర నిలబడండి. ఇంజన్ వెచ్చగా ఉండగా పాత ఆయిల్ దించాలి, వాషర్ కొత్తది వేయాలి. ముందు 5 లీటర్లు పోసి, ఇంజన్ నడిపి ఆపి, కొన్ని నిమిషాలాగి లెవెల్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. ఆరు లీటర్లూ ఒకేసారి కుమ్మరించనివ్వకండి. ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగలో ఒత్తిడి నిలవదు. ఆ తర్వాత ప్రతి 1,000 కిలోమీటర్లకూ లెవెల్ చూసి రాసుకోండి. 1,000 కిలోమీటర్లకు అరలీటరు దాటి తాగుతుంటే ఆయిల్ మార్చడం దానికి మందు కాదు, ఇంజన్ చూపించాలి.

గ్యారేజీ చెప్పిన 35,000 బదులు 8,600 పెడితే ఏడాదికి 26,400, నెలకు సరిగ్గా 2,200 మిగులుతుంది. దీన్ని ఇప్పుడే ఈక్విటీ సిప్‌లో పెట్టకండి. పదేళ్లు దాటుతున్న జర్మన్ కారు చేతిలో ఉంది. కూలెంట్ లీకయ్యే వాటర్ పంపు, ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ ఈ ఇంజన్లకు తెలిసిన బలహీనతే. ఆరు గేర్ల ఎస్-ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు 60,000 కిలోమీటర్లకోసారి విడిగా ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. పాత ఓనరు మార్పించినట్టు బిల్లు లేకపోతే మొదటి ఖర్చు అదే అనుకోండి. ఆ 2,200 లిక్విడ్ ఫండ్‌లోనో రికరింగ్ డిపాజిట్‌లోనో వేస్తే, వడ్డీ వదిలేసినా అయిదేళ్లకు 1,32,000. అది లేకపోతే బాగుచేయించే రోజున క్రెడిట్ కార్డు ఈఎంఐ తప్పదు. అప్పుడు సిప్ ఆపాల్సిందీ మీరే.

ఇన్సూరెన్స్ రెన్యూవల్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోండి. 2022 సెప్టెంబర్ వానలకు బెళ్లందూరు, రింగ్ రోడ్డు ఎలా మునిగాయో మీ ఇరుగుపొరుగు చెబుతారు. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లడం, కింద దెబ్బ తగిలి ఆయిల్ కారిపోయి ఇంజన్ పాడవడం లాంటివి సాధారణంగా ఈ యాడ్-ఆన్ కిందే వస్తాయి. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. తప్పు ఆయిల్ వల్ల అరిగిపోయిన ఇంజన్‌కు ఏ పాలసీ డబ్బివ్వదు. కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే, సర్వీస్ బిల్లు మీద ‘ఇంజన్ ఆయిల్’ అని మాత్రమే రాసిస్తే తీసుకోకండి. గ్రేడ్, అప్రూవల్ కోడ్, పోసిన లీటర్లు, ఆ రోజు ఓడోమీటర్ అంకె, నాలుగూ రాయించుకోండి.